పిల్లికూతలు

తుళ్లూరు వంటి నల్లరేగడి ఊళ్ళలో తుమ్ముకు కారణం వెదకనక్కరలేదు. పత్తి తీతలప్పుడు ఇంటినిండా నూగు, మిరప కల్లాలప్పుడు గాలినిండా ఘాటు. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గుతారు. పిల్లి సంగతి వేరు. అది వసారాలోకి వస్తే ఏ ఒక్కరికో కళ్ళు ఎర్రబడి, రొమ్ములో పిల్లికూతలు మొదలవుతాయి. తక్కినవారికి ఏమీ కాదు గనుక ఆ ఒక్కరి బాధ వేషంలా కనిపిస్తుంది. ఆ బాధను లోకం నమ్మడానికి పట్టిన కాలమే ఈ జబ్బు చరిత్ర.

1860 దశకంలో లండన్ వైద్యుడు హెన్రీ హైడ్ సాల్టర్, పిల్లి సమీపిస్తే ఊపిరాడనివారి గురించి వ్రాశాడు. ఆయనా ఉబ్బస రోగియే. 1906లో వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే, శరీరం మారిన తీరులో స్పందించడానికి 'ఎలర్జీ' అని పేరు పెట్టాడు. దానికి మూలమైన ఐజీఈ అనే యాంటీబాడీని అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా 1966-67లో గాని కనుగొనలేదు.

మనకు మాత్రం 'పడదు' అన్న మాట ఎప్పటినుంచో ఉంది. వంకాయ పడదంటాం, తోడికోడళ్ళకు పడదంటాం. ఇందులో తప్పు ఎవరిదీ కాదు, పొత్తు కుదరలేదంతే. ఎలర్జీకి ఇంతకన్న మంచి నిర్వచనం నాకు తెలియదు.

బొచ్చుదే దోషమనుకుంటాం. నిజానికి పిల్లి లాలాజలంలోను, చర్మపు జిడ్డులోను ఉండే ఒక మాంసకృత్తు బొచ్చుమీద ఎండి గాలిలో తేలుతుంది. పిల్లిని ఏటి అవతల వదిలివచ్చినా అది నెలల తరబడి ఇంట్లోనే ఉంటుంది. పైగా మిరప టిక్కీల మధ్య, పత్తి బోరాల మధ్య పిల్లి కాపలా లేకపోతే ఎలుకలు చేరతాయి. వాటి మూత్రంలోనూ ఇటువంటి మాంసకృత్తే ఉంది!

హైదరాబాదులో మృగశిర కార్తెకు బత్తినివారు కొర్రమీను నోట పెట్టి ఇచ్చే ఉబ్బసం మందు 1845 నాటిదని చెబుతారు. దానికి శాస్త్ర నిరూపణ లేదు. అయినా ఆ బారుల్లో నిలుచున్నవారిని చూసి నవ్వబుద్ధి కాదు. అక్కడ వారి ఆయాసాన్ని వేషమనేవారుండరు.

2015లో అమరావతి శంకుస్థాపన తుళ్లూరు మండలంలోనే జరిగింది. పొలాలు పోయి మేడలు లేచే చోట, ఎలుకల కోసం పెంచిన పిల్లిని ఇకమీద ముద్దుకోసం పెంచుతారేమో. పెంచుకోనీయండి. కాని ఆ ఇంట్లో ఎవరికైనా పిల్లికూతలు వస్తే ముందు నమ్మండి, వైద్యుడికి చూపించండి. ఉబ్బసం ప్రాణం తీయగలదు.