వేళ్ల మీద తాళం

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న తార్నాకలో కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లల లెక్క తొడ మీద మొదలవుతుంది. ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. ఆపైన దెబ్బ కొట్టి అరచెయ్యి తిప్పడం, రెండుసార్లు. ఆదితాళం 8 అక్షరాలు పూర్తి.

ఈ పాఠక్రమాన్ని 16వ శతాబ్దపు పురందరదాసు కూర్చాడంటారు. సరళి వరసలు దాటి అలంకారాలకు వస్తే, చతురస్ర జాతి ధ్రువతాళానికి ఏకంగా 14 అక్షరాలు. అసలు పరీక్ష అక్కడే.

కాగితం మీది లెక్కకు తెలుగు లిపి ఎంత చక్కగా ఒదిగిందో! సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో తమిళనాట ఎట్టయపురంలో అచ్చయింది, తెలుగులోనే. ‘స’ ఒక అక్షరకాలం, ‘సా’ రెండు. పైన గీత పడితే కాలం సగం. పాశ్చాత్య స్వరలిపిలో చుక్కలూ తోకలూ చేసే పని ఇక్కడ గుణింతమూ గీతా చేశాయి.

కర్ణాటక కృతులను ఆ పాశ్చాత్య లిపిలో అచ్చువేసిన చిన్నస్వామి ముదలియారే దీక్షితులను ఈ గ్రంథ రచనకు పురికొల్పారు.