రంగం వెళ్ళొచ్చిన ముత్తాత, మాజ్రిలో ఉండిపోయిన మనం

మాజ్రి ఇంటి నడవాలో ఒక టేకు పెట్టె ఉండేది, మనవాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. నాయనమ్మ దాన్ని "రంగం పెట్టె" అనేది. వేసవి సెలవులకి హొసపేటలో రైలెక్కి, గుంతకల్లు, సికింద్రాబాద్, కాజీపేట దాటి, బల్లార్షా, చంద్రపూర్, భాందక్ అయ్యాక మాజ్రి జంక్షన్‌లో దిగేవాళ్ళం. ఇంటికి వెళ్ళగానే ఆ పెట్టె మీద ఎవరు ముందు కూర్చుంటారా అని పోటీ. చంద్రపూర్ జిల్లా ఎండల్లో ఇంటిమొత్తం మీద చల్లగా ఉండేది ఆ చెక్కే.

మేం చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు నాయనమ్మ దగ్గరే, ఆ పెట్టె మీద సుద్దముక్కతో రాసి నేర్చుకున్నాం. అందుకని "మీ ముత్తాత రంగం వెళ్ళొచ్చాడు" అంటే చాలా ఏళ్ళు నాటకాలు వేశాడని అనుకున్నాం. కన్నడంలో రంగ అంటే నాటకాల వేదిక కదా. రాజు వేషమా, బంటు వేషమా అని కూడా మాలో మేం వాదించుకున్నాం. రంగం అంటే రంగూన్ అని తెలిసింది హైస్కూల్లోకి వచ్చాకే. ఉత్తరాంధ్రలో మన పెద్దలు రంగూన్‌నీ, బర్మా దేశం మొత్తాన్నీ కలిపి రంగం అనేవారు.

ఇప్పుడు ఇదంతా రాయడానికి కారణం బాబాయి గారి అబ్బాయి. ఆస్ట్రేలియాకి "వర్క్ అండ్ హాలిడే" వీసా లాటరీలో పేరు ఇచ్చాడు. భారతీయులకి ఈ వీసా 2024లోనే మొదలైంది. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి, ఏడాదికి 1,000 మందికే. పన్నెండు నెలలు అక్కడ తిరగొచ్చు, ఖర్చులకి పని చేసుకోవచ్చు. మాకు వయసు దాటిపోయింది కాబట్టి సలహాలు మాత్రం ఇవ్వగలం. ఇంట్లో పెద్దవాళ్ళందరూ ఒకే మాట: "మన వంశంలో ఇది కొత్తేం కాదు. ముత్తాత కుర్రతనంలో సరదాగా రంగం వెళ్ళి, రెండు సీజన్లు పని చేసుకుని, నాలుగు డబ్బులు సంపాదించి పెట్టె కొనుక్కుని తిరిగొచ్చాడు."

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. చెప్పిన మాట చెప్పినట్టు నమ్మకపోవడానికే మాకు జీతం ఇస్తారు. కాబట్టి ఈ కథని కూడా ముక్క ముక్కగా విడదీసి చూశాం. నాయనమ్మని కూర్చోబెట్టి అడిగాం, చరిత్ర పుస్తకాలతో పోల్చుకున్నాం.

మొదటి ముక్క: సరదాగా వెళ్ళాడు. ముత్తాత 1908 ప్రాంతంలో పుట్టారు. ఊరు భీమిలికి ఉత్తరాన. ఆయన పందొమ్మిదో ఏట, అంటే 1920ల చివర్లో, ఏటా మూడు లక్షల మందికి పైగా బంగాళాఖాతం దాటి బర్మా వెళ్ళేవారు. అందులో గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు చాలా ఎక్కువ. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీదుగా అక్కడ తెలుగు కూలీలని "కొరంగీలు" అనేవారు. విశాఖ ఓడరేవు తెరిచింది 1933లో. అంతకు ముందు ఓడ సముద్రంలో దూరంగా ఆగేది. మసూలా పడవల్లో అలల మీదుగా జనాన్ని చేరవేసేవారు. డెక్కు మీద మూడు నాలుగు రోజుల ప్రయాణం.

ఆ ప్రయాణం ఖర్చు ఎవరిది? మేస్త్రీది. మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి ఓడ చార్జీ పెట్టుకుంటాననేవాడు, ఇంట్లో వాళ్ళ చేతిలో కొంత అడ్వాన్సు పెట్టేవాడు. ఆ మొత్తం కూలీ లెక్కలో అప్పుగా రాసుకునేవాడు. అక్కడికి వెళ్ళాక కూలి డబ్బులు మేస్త్రీ చేతికే వచ్చేవి. కమీషను, అప్పు తగ్గించుకుని మిగిలిందే కూలీకి. 1931లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక దగ్గర్నుంచి రంగూన్ కూలీల మీద అప్పట్లో రాసిన వాళ్ళందరూ ఈ మేస్త్రీ పద్ధతి గురించి రాశారు. నాయనమ్మ మాటల్లో అయితే ఇంకా సూటిగా: "సరదా ఏటి బాబూ. ఇంటిల్లిపాదికీ గంజి నేక ఎల్లిపోయారు." కాబట్టి మొదటి ముక్క తప్పు.

రెండో ముక్క: ఫారిన్ వెళ్ళాడు. ఇది వినడానికి చిన్న విషయమే గానీ మాకు ఆశ్చర్యం కలిగించింది ఇదే. ముత్తాత వెళ్ళినప్పుడు బర్మా వేరే దేశం కాదు. బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. పాస్‌పోర్టు లేదు, వీసా లేదు. 1937 ఏప్రిల్ 1న బర్మాని విడగొట్టారు. ఆ రోజు పొద్దున్న లేచేసరికి అక్కడున్న మనవాళ్ళందరూ ఉన్నచోటే పరదేశీయులైపోయారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే అని ఉంది. తెలుగు వినకుండా రేవులో నడవడం కుదరదని ముత్తాత చెప్పేవారట.

తాతయ్య కథ కూడా ఇలాంటిదే. ఆయన 1955లో చాందా జిల్లాకి వచ్చారు, చంద్రపూర్‌కి అప్పటి పేరు అదే. ముందు బల్లార్‌పూర్ వైపు ఖదాన్లలో, తర్వాత మాజ్రిలో. ఆయన వచ్చినప్పుడు అది మధ్యప్రదేశ్. 1956 నవంబర్ 1 నుంచి బొంబాయి రాష్ట్రం. 1960 మే 1 నుంచి మహారాష్ట్ర. గది మారకుండానే మూడు రాష్ట్రాల్లో కాపురం చేశామని ఆయన నవ్వేవారు. ముత్తాత వైపు చూస్తే మాత్రం అది నవ్వే విషయంగా అనిపించదు.

మూడో ముక్క: రెండు సీజన్లు చేసి, సంపాదించి తిరిగొచ్చాడు. రంగూన్ అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద బియ్యం ఎగుమతి రేవు. కోతలయ్యాక జనవరి నుంచి మిల్లుల్లో పని జోరుగా ఉండేది. పజుండాంగ్ వాగు ఒడ్డున వరసగా మిల్లులు. ముత్తాత మిల్లులో, ఆయన అన్న రేవులో పని చేసేవారు. ముత్తాత ఎప్పుడు చెప్పినా మూడే చెప్పేవారట: షెడగోన్ గుడి బంగారం, కరెంటు ట్రాములు, నది వెడల్పు. నిద్ర ఎక్కడ పోయారు, కూలి ఎంత, భుజాలు ఎలా ఉండేవి అని ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు.

తిరిగొచ్చింది 1930లో, వానలు మొదలయ్యే వేళకి. ఆ సంవత్సరం చూడగానే మేం ఆగిపోయాం. 1930 మే 5న పెగూ భూకంపం వచ్చింది, రంగూన్‌ని కూడా కుదిపేసింది. అదే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడలు ఆగకూడదని వాళ్ళ స్థానంలో బర్మా వాళ్ళని పనిలోకి తీసుకున్నారు. సమ్మె తీరాక తెలుగువాళ్ళని మళ్ళీ పిలిచి బర్మా వాళ్ళని పొమ్మన్నారు. మే 26న రేవులో గొడవ మొదలై ఊరంతా పాకింది. కొన్ని రోజులు సాగింది. వందమందికి పైగా చనిపోయారు, అందులో ఎక్కువ మంది తెలుగు కూలీలే. కూలి తగ్గించి ఒకరి మీద ఒకర్ని పోటీకి పెట్టిన వాళ్ళకి ఏమీ కాలేదు. కొట్టుకున్నదీ, చచ్చిపోయిందీ రెండు వైపులా పేదవాళ్ళే. ఆ తర్వాత వేలమంది తెలుగువాళ్ళు దొరికిన ఓడ ఎక్కేశారు. ముత్తాత కూడా వాళ్ళలో ఒకరు. అంటే ఆయన సీజన్ ముగించుకుని రాలేదు. పారిపోయి వచ్చారు.

ఇక పెట్టె. ఇది ఎవరూ మాకు చెప్పని ముక్క. "పెట్టె కొన్నది మీ ముత్తాత కాదు" అంది నాయనమ్మ, మేం నాలుగోసారి అడిగాక. "ఆయన అన్నది. ఓడ కాడ తమ్ముడి సేతికిచ్చి, నువ్వు తీసుకుపో, అప్పు తీరిపోతే వచ్చే సీజనుకి నానొత్తాను అన్నాడంట."

రాలేదు. ఒక మనియార్డరు వచ్చింది, తర్వాత అదీ లేదు. బర్మాలో పెళ్ళి చేసుకుని ఉండిపోయాడని కొందరు, గొడవల్లోనే పోయాడని కొందరు. 1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. 1942 మార్చిలో నగరం వాళ్ళ చేతికి పోయింది. నాలుగైదు లక్షల మంది భారతీయులు ఇంటిదారి పట్టారు. ఓడలో చోటు దొరకని వాళ్ళు అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు, ఇంకా ఉత్తరాన మణిపూర్ వైపు నడిచారు. కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ముత్తాత తల్లి ఆ రోజుల్లో రైలు స్టేషన్‌కి వెళ్ళి, బర్మా నుంచి వచ్చినవాళ్ళని అడిగేదట. ఏప్రిల్ 6న విశాఖ మీదే బాంబులు పడ్డాయి, అక్కడి జనం పల్లెలకి పారిపోయారు. ఆ తర్వాత అడగడానికి కూడా ఎవరూ మిగల్లేదు.

సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టినప్పుడు మనింట్లో ఎప్పుడూ ఒక పంచె ఎక్కువ ఉండేది. మాజ్రిలో కూడా. తాతయ్య ఉన్న పేర్లన్నీ చెప్పి దణ్ణం పెట్టుకునేవారు, ఆ ఒక్క పంచె దగ్గర మాత్రం పేరు చెప్పేవారు కాదు. పండగయ్యాక దాన్ని ఎవరికో ఇచ్చేసేవారు. లెక్క తప్పిందేమో అనుకునేవాళ్ళం. ఇప్పుడడిగితే నాయనమ్మ అంది: "పోయాడని ఎవరూ సెప్పనేదు, ఉన్నాడని ఎవరూ సెప్పనేదు. అందుకని పంచె పెడతాం, పేరు సెప్పం."

ముత్తాత చివరి రోజుల్లో కొడుకు దగ్గర ఉండడానికి మాజ్రి వచ్చారు. పెట్టెని కూడా తెచ్చుకున్నారు. తాతయ్య కూడా మొదట్లో రెండేళ్ళు చేసి వెళ్ళిపోదామనే వచ్చారు. ఇక్కడా కూలీలని తెచ్చింది కాంట్రాక్టరే, అడ్వాన్సూ ఉంది. 1973లో బొగ్గు గనులు జాతీయమయ్యాకే జీతం నెలనెలా లెక్క ప్రకారం రావడం, పీఎఫ్, క్వార్టరు మొదలయ్యాయి. పక్కింటివాళ్ళు కరీంనగర్ వాళ్ళు, వాళ్ళు ఖదాన్‌ని "బాయి" అనేవారు. మనవాళ్ళ భాషకి వాళ్ళు నవ్వేవారు, వాళ్ళ భాషకి మనవాళ్ళు. రెండు ఇళ్ళూ కలిసి మరాఠీ నేర్చుకున్నాయి. ఇంకో ఊళ్ళో ఉండిపోవడానికి ధైర్యం ఒక్కటే చాలదు, చేసిన పనికి లెక్క ఉండాలి. ముత్తాతకీ తాతయ్యకీ ఉన్న తేడా మాకు అక్కడే కనిపించింది. ఒకరు బతికి బయటపడ్డారు. ఇంకొకరు కాపురం పెట్టారు.

తమ్ముడూ, ఇది నీకోసమే రాశాం. నిన్ను ఆపడానికి కాదు. నీ వెనక మేస్త్రీ లేడు, చేతిలో చదువుంది, వీసా కాగితం మీద నీ హక్కులు రాసి ఉన్నాయి. లాటరీలో పేరొస్తే తప్పకుండా వెళ్ళు. తోటలో పళ్ళు కోసినా, హోటల్లో గిన్నెలు కడిగినా కూలి ఎంతో ముందే అడుగు, ఆ కాగితం దాచుకో. నీ పక్కన తక్కువ కూలికి పని చేసేవాడు కనిపిస్తే వాడి మీద కోపం తెచ్చుకోకు, ఎవరు తగ్గించారో చూడు. తిరిగొచ్చాక గుడులు, ట్రాములే కాదు, మిగతాదీ చెప్పు. మేం అడుగుతాం.

చివరగా మనవాళ్ళందరికీ ఒక మనవి. మాజ్రి ఇల్లు అమ్మకానికి పెడుతున్నారని మీకు తెలుసు. పెట్టెని మేం బెంగళూరు తెచ్చుకుంటున్నాం. ఎవరింట్లోనైనా ఆ మనియార్డరు చీటీ గానీ, రంగం నుంచి వచ్చిన ఉత్తరం గానీ ఉంటే ఫొటో తీసి పంపండి. వచ్చే సంక్రాంతికి ఆ పంచె పెట్టేటప్పుడు పేరు చెప్పాలా వద్దా అన్నది కూడా ఆలోచించండి. నాయనమ్మని అడిగాం. "మీరే సెప్పండి, సదువుకున్నారు కదా" అంది. మాకైతే చెప్పాలనే ఉంది.