రోములో పెంకుల కొండ

రోము అంటే మనకు రాజులూ యుద్ధాలే గుర్తొస్తాయి. కానీ అక్కడి మామూలు జనం సంగతి చెప్పేది ఒక చెత్తకుప్ప. పేరు మోంటే టెస్టాచో, అంటే పెంకుల కొండ. ఎత్తు సుమారు 35 మీటర్లు. అది రాతిగుట్ట కాదు, అన్నీ పగిలిన నూనె జాడీలే. ఐదు కోట్లకు పైగా జాడీల పెంకులు ఉంటాయని అంచనా.

ఎక్కువ భాగం దక్షిణ స్పెయిన్ నుంచి ఓడల్లో వచ్చిన ఆలివ్ నూనె జాడీలు. రోము జనానికి వంటకీ, దీపానికీ, ఒంటికి పూసుకోడానికీ అదే నూనె. ఒక్కో జాడీలో దగ్గర దగ్గర 70 కిలోల నూనె పట్టేది. ఖాళీ జాడీయే 30 కిలోలు! నూనె ఇంకిపోయి ముక్క వాసన కొట్టే జాడీని మళ్లీ వాడలేక, పగలగొట్టి వరసగా పేర్చారు. వాసన రాకుండా సున్నం చల్లారు.

1870లలో హైన్రిక్ డ్రెసెల్ అనే జర్మన్ పండితుడు ఆ పెంకుల మీది రాతలు చదవడం మొదలుపెట్టాడు. ఏముందో చూడండి: ఖాళీ జాడీ బరువు, నూనె బరువు వేరుగా, వ్యాపారి పేరు, ఏ ప్రాంతం సరుకు, ఎవరు సరిచూశారు, ఏ సంవత్సరం.

కాటా దగ్గర సంచి బరువనీ, తరుగనీ ఎంత కోస్తారో మనకు తెలుసు కదా. అక్కడ 1,800 ఏళ్ల కిందటే ఈ లెక్క జాడీ మీదే రాసేవాళ్లు. మోసం భయం లేకపోతే ఇంత రాత ఎందుకు?

రాజుల మాట శిలాశాసనాల్లో మిగిలింది. సరుకు లెక్క పెంకుల మీద మిగిలింది. మీరూ కాటా చీటీ పారేయకండి.