జామగీ నుంచి ఎయిర్ రైఫిల్ దాకా: సీమ తుపాకుల సింహావలోకనం

తక్కువ ధరలో గురి తప్పని సెమీ ఆటోమేటిక్ రైఫిలు, దానిమీదికి ఒక మంచి స్కోపు ఏవి కొనాలి? ఈ ప్రశ్నను డాలస్‌లో ఉన్న మన రాయలసీమ కుర్రాడు నేరుగా దుకాణంలోకి పోయి అడగొచ్చు, గ్రీన్ కార్డు ఉంటే. హెచ్1బీ మీద ఉన్నవాడికి అక్కడా అడ్డంకే. వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఏదో చూపిస్తే తప్ప అక్కడి చట్టం తుపాకీ కొననివ్వదు. అదే ప్రశ్న కర్నూల్లోనో కడపలోనో అడిగితే మాట ధర దాకా రానే రాదు, లైసెన్సు దగ్గరే ఆగిపోతుంది. మూడున్నర శతాబ్దాలకు పైగా సీమలో తుపాకీ కథ ఇదే. ఎవరి చేతిలో ఉండాలో తేల్చినవాడే ఏ తుపాకీ ఉండాలో కూడా తేల్చాడు. కొనేవాడి జేబు, గురి రెండూ ఆ తర్వాతి సంగతులు.

మొదట గండికోట. 1650లో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పెమ్మసాని వారి చేతుల్లోంచి ఆ కోటను లాక్కున్నాడు. రెండేళ్లకు వజ్రాల వ్యాపారి టావెర్నియే అక్కడికి వచ్చాడు. ఆయన రాతల్లో మాయ్ అనే ఒక ఫ్రెంచివాడు కనిపిస్తాడు. గుళ్లనుంచి తెచ్చిన రాగి విగ్రహాలను కరిగించి ఫిరంగులు పోసిపెట్టమని మీర్ జుమ్లా అతణ్ని పురమాయించాడు. పని అనుకున్నట్టు కుదరలేదు. పెన్న లోయ అంచున ఆ కోట నిలబడ్డ తీరు చూస్తే ఫిరంగుల మీద మీర్ జుమ్లాకంత మోజు ఎందుకో తెలుస్తుంది. మూడు వందల అడుగుల లోతు లోయ పైనుంచి కొట్టేవాడికి గురి అంతగా అక్కర్లేదు, బరువైన గుండు ఉంటే చాలు.

కింద ఊళ్లలో పాలెగాళ్ల బంట్రోతుల చేతుల్లో ఉన్నవి జామగీ తుపాకులు. మందు కూరి, గుండు దించి, రగులుతున్న జామగీ వత్తిని రంజకం మీదికి దించితే పేలేవి. గొట్టం లోపల గాడులు లేవు. వంద గజాలు దాటితే గుండు ఎటు పోతుందో కాల్చినవాడికే తెలియదు. వాన పడితే వత్తి ఆరిపోతుంది. చీకట్లో దాని నిప్పు శత్రువుకు ఆనవాలు అవుతుంది. వానలు తక్కువ కాబట్టి మన నేలమీద మొదటి బెడద అంతగా లేదేమో, రెండోది మాత్రం తప్పలేదు. అలాంటి తుపాకీతో ఒక్క మనిషిని గురిచూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని. అందుకే పాలెగాడి బలాన్ని తుపాకీ నాణ్యతతో కాక తుపాకుల లెక్కతో కొలిచేవారు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ముందు పెట్టుకున్నది కూడా ఆ లెక్కే. దాదాపు ఎనభై మంది పాలెగాళ్లు, వాళ్లకింద ముప్పై వేల మంది ఆయుధధారులు. రైత్వారీతో పేరు తెచ్చుకున్న మన్రో మొదటి పని పన్ను కాదు, ఆ ముప్పై వేల చేతులను ఖాళీ చేయడం. ఊరికి కావలి కాస్తూ ఈనాం భూముల మీద బతికిన కట్టుబడి బంట్రోతులకు అప్పుడు మొదలైన కష్టం ఎన్నో ఏళ్లకు కోయిలకుంట్లలో పేలింది.

దానికి ముందే కర్నూలు నవాబు కథ ముగిసింది. 1839లో గులాం రసూల్ ఖాన్ కోటలో ఇంగ్లీషువాళ్లు సోదా చేశారు. రాజభవనం, తోటలు, గోడల చాటు, ఎక్కడ చూసినా ఫిరంగులు, మందుగుండు, పోతపోసే కొలుములు. చిన్న సంస్థానం అవసరానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ అక్టోబరు 18న ఇప్పుడు కర్నూలు పట్టణంలో కలిసిపోయిన జొహరాపురం దగ్గర యుద్ధం జరిగింది, నవాబు పట్టుబడ్డాడు. తిరుచినాపల్లికి పంపితే మరుసటి ఏడాది అక్కడ హత్యకు గురయ్యాడు. అన్ని ఆయుధాలు పోగేసినా వాటిని వాడే మనిషిని తయారుచేసుకోలేదన్నది నా అభిప్రాయం. తుంగభద్ర ఒడ్డున పోగుపడ్డ ఆ ఇనుములో గురి నేర్చిన చేతులు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది దానికి పూర్తిగా వేరే బలం. నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను తీసుకునే పాలెగాడి వారసుడు 1846లో కట్టుబడి వాళ్లను, ఈనాం పోయినవాళ్లను కూడగట్టుకుని కోయిలకుంట్ల ఖజానాపై పడ్డాడు. ఆయుధంలో కంపెనీ ముందుంటే దారులు తెలియడంలో రెడ్డి ముందున్నాడు. నల్లమల, ఎర్రమల కనుమలే ఆయన బురుజులు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. తలను 1877 దాకా కోట గుమ్మానికి వేలాడదీశారు. ముప్పై ఏళ్లపాటు ఆ తల చెప్పిన సంగతిని మరుసటి ఏడాది కాగితం మీద రాసుకున్నారు. వైస్రాయి లిట్టన్ కాలపు 1878 ఆయుధాల చట్టం వచ్చింది, లైసెన్సు లేనిదే భారతీయుడికి ఆయుధం లేదని.

తుపాకుల కొలతల్లో మన దేశానికే ప్రత్యేకమైన వింత ఒకటి ఆ తర్వాతే మొదలైంది. సైన్యం వాడే .303 తూటా జనం తుపాకీలో పట్టకూడదు. అందుకే స్పోర్టింగ్ రైఫిలుకు .315 అనే వేరే కొలత పెట్టారు. యంత్రాంగం మాత్రం అదే లీ ఎన్‌ఫీల్డ్‌ది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇషాపూర్ ఫ్యాక్టరీ ఈ .315 చేస్తూనే ఉంది. ఒక్కో తూటాకు బోల్టు లాగాలి, స్కోపు బిగించాలంటే తంటాలు పడాలి, అయినా సీమలో లైసెన్సు ఉన్న పెద్ద ఇళ్లలో ఇదే దర్జా. పక్కన పన్నెండు బోరు డబుల్ బారెల్ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు. అరుగు మీద పంచె సర్దుకుని కూర్చున్న పెద్దాయన వెనక గోడకు ఆ రెండూ వేలాడేవి. వాటితో ఎంత దూరం కొట్టగలడని ఎవరూ అడగలేదు. ఉన్నాయా లేదా అన్నదే అడిగేవారు.

1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబరు ఒకటి నుంచి అమల్లోకి వచ్చింది. పాత బిగింపు చాలావరకు అలాగే మిగిలింది. సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు కేంద్రం చేతిలో ఉండే మొదటి కేటగిరీలోకి పోయాయి, .303, 7.62 కొలతలు కూడా అంతే. పంట కాపలాకు రైతు అడిగితే అదే చట్టం ఇమ్మన్నదేమిటంటే మూతినుంచి మందు కూరే తుపాకీ. పెద్ద తేడాలేమీ లేవు, గండికోట కింద బంట్రోతు చేతిలో ఉన్నదానికి వత్తి బదులు ఇంకో ఏర్పాటు, అంతే. వేరుశనగ చేలో అడవిపందులు పడితే రాత్రి రెండు గంటలకు మందు కూరుకుంటూ కూర్చోవాలి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక కాల్చడానికి విడిగా అనుమతి కూడా కావాలి. చేలో పందిని రైతు తుపాకీ కంటే డబ్బా చప్పుడుతోనే ఎక్కువ తరుముతున్నాడు.

సీమలో సెమీ ఆటోమేటిక్ కనబడింది ఖాకీ చేతుల్లోనే. ఎస్సెల్లార్, అంటే సెల్ఫ్ లోడింగ్ రైఫిల్. ఇషాపూర్‌లోనే చేసిన 1ఎ1, 7.62 తూటాలు, ఇరవై పట్టే మ్యాగజైన్. కర్నూల్లో పోలీసు రెండో బెటాలియన్, కడప పక్కన భాకరాపేటలో పదకొండో బెటాలియన్, ఎన్నికలప్పుడు పోలింగ్ బూత్ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న కానిస్టేబుల్ ఒళ్లో పడుకున్న పొడవాటి కర్రపిడి తుపాకీ అదే. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో గుండు, వాయువు పీడనమే బోల్టును వెనక్కి తోసి తర్వాతి తూటాకు దారి చేస్తుంది. స్కోపు ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసి కొట్టాలి. దూరపు గురి కోసం స్కోపుతో పుట్టిన సెమీ ఆటో మన సైన్యం వాడిన రష్యన్ డ్రాగునోవ్. 1963 నాటి తయారీ, పది తూటాలు, నాలుగు రెట్లు దగ్గరగా చూపే అద్దం.

ఖాకీల సంగతి అలా ఉంటే, సీమ ఫ్యాక్షన్ గొడవల్లో దేశవాళీ ప్రతిభంతా నాటు బాంబులో తేలింది. లైసెన్సు లేదు, గురీ అక్కర్లేదు. 1997 తర్వాత సినిమాలు పట్టుకున్నదీ దాన్నే. ఊళ్లు వదిలిపెట్టి వలసపోయిన కుటుంబాల సంగతి ఆ సినిమాల్లో అంతగా కనిపించదు.

ఇక బడ్జెట్లో గురి అన్న అసలు ప్రశ్న. 2016 ఆయుధాల నిబంధనలు ఒక చిన్న కిటికీ తెరిచాయి. 4.5 మిల్లీమీటర్ల కొలత, ఇరవై జౌళ్లు మించని ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. పెద్ద తుపాకీల కోటా చూస్తే వ్యవహారం ఇంకా బిగిసింది, 2019 సవరణలో మనిషికి మూడు కాస్తా రెండయ్యాయి. ఎయిర్ రైఫిలుకు మాత్రం గుర్తింపు కార్డు చాలు. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో. ఆ పోటీలో పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, గుండే దానికి తొమ్మిది రెట్లు. పోటీకి పనికొచ్చే జర్మన్ రైఫిళ్లు లక్షల్లో ఉంటాయి. నేర్చుకునేవాడికి మహారాష్ట్రలో తయారయ్యే ప్రిసిహోల్ లాంటివి సరిపోతాయి.

స్కోపు దగ్గర చాలామంది దెబ్బతింటారు. స్ప్రింగు ఎయిర్ రైఫిలు కాల్చినప్పుడు ముందుకూ వెనక్కూ రెండు వైపులా కుదుపుతుంది. పెద్ద తుపాకీ మీద నిలబడే స్కోపు కూడా దీనిమీద పగిలిపోవచ్చు. ఎయిర్ గన్‌కే అని రాసి ఉన్నదే తీసుకోవాలి. రెండోది పారలాక్స్. వంద గజాలకు సరిచేసిన అద్దం పది మీటర్లకు మసకగా కనిపిస్తుంది, కన్ను కొంచెం జరిగితే గురి కూడా జరుగుతుంది. ముందు అద్దం తిప్పి పది గజాల దాకా సరిచేసుకునే రకం కావాలి. డబ్బు బిగుతుగా ఉంటే రెట్లు తగ్గించుకుని అద్దం నాణ్యత పెంచుకోవడమే నేను చెప్పేది. పన్నెండు రెట్ల మసక కంటే నాలుగు రెట్ల స్పష్టత మేలు. క్లిక్కుకు పావు ఎంవోఏ (కోణపు నిమిషం) అంటే వంద మీటర్ల దగ్గర ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు, పది మీటర్ల దగ్గర అందులో పదో వంతు. కాబట్టి పది మీటర్ల దగ్గర గురి జరపాలంటే చాలా క్లిక్కులు తిప్పాలి. అయితే పోటీలకే పోయే ఉద్దేశం ఉంటే స్కోపు మీద రూపాయి కూడా పెట్టొద్దు. ఆ పోటీలో స్కోపు నిషేధం, రంధ్రం సైటుతోనే కాల్చాలి. మిగిలిన డబ్బుతో రెండు మూడు రకాల గుళ్ల డబ్బాలు కొని, ఒక్కో దానితో కాగితం మీద పది గుళ్లు కాల్చి చూడండి. ఒక్కో గొట్టానికి ఒక్కో గుండు నచ్చుతుంది. ఏది నచ్చుతుందో కాగితం మీది రంధ్రాలే చెబుతాయి.