చుట్ట సంగతి ఎత్తని మనిషి

సాయంత్రం ఐదు దాటింది. అద్దంకిలో ఒక వీధి చివరి ఇంటి ముందు ఆగారు మీరు. గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్ని చూస్తేనే తెలుస్తోంది, లోపల పలకరింపులు నడుస్తున్నాయని. ఫిబ్రవరి నెల. ఊరి చుట్టూ కల్లాల్లో మిరపకాయ ఎండుతోంది. గాలి అటునుంచి తిరిగితే ఆ ఘాటు ఇంట్లోకే వస్తుంది. అందుకే కిటికీలు మూసేశారు. చెప్పులు విడిచి లోపలికి రండి.

నవారు మంచం మీద రెండు దిండ్లకు ఆనుకుని పెద్దాయన కూర్చున్నారు. అరవై దాటిన మనిషి. చుట్టూ ప్లాస్టిక్ కుర్చీల్లో ఆరేడుగురు. ఎవరూ జబ్బు పేరు పలకడం లేదు. ఆయనకు నెమ్ము అని చెప్పారట. ఆ ముందు ఆర్నెల్లు టీబీ అన్నారు, బిళ్ళలు మింగించారు. దగ్గు తగ్గలేదు, బరువు తగ్గింది. అసలు రిపోర్టు కొడుకు బీరువాలో దాచాడు.

"ఆ చుట్టలు మానమని ఎన్నిసార్లు చెప్పాను బావా, విన్నావా?" అంటాడు ఒకాయన. "మా తోడల్లుడి అన్నకీ ఇట్టానే మొదలైంది" అని ఇంకొకాయన ఎత్తుకోగానే, ఆ కథ ఎటు పోతుందో తెలిసిన ఇల్లాలు "కాఫీ చల్లారిపోతోంది, తాగండి" అని అడ్డం పడుతుంది. మూడో మనిషి ఎక్కడో పసరు పోస్తారంటూ ఫోన్ నంబరు వెతుకుతున్నాడు. అందరూ ప్రేమతో వచ్చినవాళ్ళే. పెద్దాయన తల మాత్రం ఒక్కో పలకరింపుకూ ఇంకాస్త దిగిపోతోంది.

అప్పుడు వస్తుంది ఆమె. పేరు పెట్టను. అద్దంకి పక్క పల్లెలో ఇలాంటి ఒకామె ఉందనుకోండి. యాభై దాటిన రైతు ఇల్లాలు. చుట్టగానీ బీడీగానీ నోట పెట్టి ఎరగదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలి మూడో ఏడు నడుస్తోంది. ఒక కుర్చీ మంచం దగ్గరకు లాక్కుని కూర్చుంటుంది.

"అన్నయ్యా, ఆయాసం పడుకుంటే ఎక్కువా, నడిస్తే ఎక్కువా?"

గదిలో మాటలు ఆగుతాయి. ఇన్నాళ్ళూ ఎందుకొచ్చిందని అడిగారుగానీ ఎట్టా ఉందని ఎవరూ అడగలేదు.

"పడుకుంటేనమ్మా. కూర్చునే నిద్రపోతున్నా."

"నాకూ అంతే ఉండేది. నీరు చేరింది. వీపు వైపునుంచి సూదితో తీశారు. మీకెన్నిసార్లు తీశారు?"

పెద్దాయన ఆమెను తేరిపార చూస్తారు. "నీకా?"

"నాకే. ఇది మూడో ఏడు."

"నువ్వెప్పుడు తాగావే చుట్ట?"

ఆయన నవ్వబోతే దగ్గొస్తుంది. దగ్గు ఆగేదాకా ఆమె ఏమీ అనదు. నీళ్ళ గ్లాసు మాత్రం అందిస్తుంది. "నేనేం తాగుతాను! పత్తికట్టె పొయ్యి ముందు ముప్పై ఏళ్ళు కూర్చున్నా. అదో, ఇంకేందో. డాక్టరు కూడా ఇదే కారణమని చెప్పలేనన్నాడు."

ఇక్కడ నేను కొంచెం కల్పించుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అన్నిటికన్నా పెద్ద కారణాలు. అందులో అనుమానం లేదు. కానీ మన దేశంలో ఈ జబ్బు వచ్చినవాళ్ళలో పొగ అలవాటు లేనివాళ్ళూ తక్కువేం కాదు. వంటింటి పొగ, ఊళ్ళ గాలి, రాతి ధూళి కూడా అనుమానితులే. మార్టూరు, బల్లికురవ వైపు గ్రానైట్ కోసే చోట లేచే సన్నటి సిలికా ధూళి క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1997లోనే తేల్చింది.

అయినా, పొగాకు మీద బతికిన నేల మనది. పొగాకు బోర్డు పెద్ద ఆఫీసు గుంటూరులో ఉంది. వేలం కేంద్రాలు ఒంగోలులో, టంగుటూరులో, వెల్లంపల్లిలో. బ్యారన్‌లో కాల్చిన ఆకు డబ్బుతో ఇళ్ళు లేచాయి, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అయ్యాయి. 2025లో నల్లబర్లీ పొగాకు కొనేవాళ్ళు లేకపోతే మార్క్‌ఫెడ్ చేత కొనిపించాల్సి వచ్చింది. ఊరంతా అమ్ముకున్న ఆకుకు ఒక్క మనిషి మంచం మీద సంజాయిషీ చెప్పుకోవాలా? ఈ నింద మన ఒక్కరి జబ్బే అనుకోకండి. ఈ రోగులు సిగ్గుతో, నిందతో ఎలా నలిగిపోతారో బ్రిటన్‌లో పరిశోధకులు 2004లో రాశారు. ఎప్పుడో మానేసినవాళ్ళకూ, అసలు ముట్టనివాళ్ళకూ ఆ నింద తప్పలేదు.

మళ్ళీ గదిలోకి రండి. పలకరించే వాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళారు. పెద్దాయన గొంతు తగ్గించి అడుగుతున్నారు. "నాది నెమ్ము కాదు గదమ్మాయ్?"

కొడుకు గుమ్మంలో బిగుసుకుపోయాడు. ఆమె అవుననదు, కాదనదు.

"మీకు తెలుసుకోవాలని ఉందా అన్నయ్యా?"

"ఉంది."

"అయితే రేపు గుంటూరులో డాక్టరుగారిని మీరే అడగండి. నేను పక్కన కూర్చుంటా."

అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబరులో విలేకరులను పిలిపించి తనకు క్యాన్సర్ ఉందని తానే చెప్పారు. ఆ ధైర్యం అందరికీ ఉండదు, ఉండాలనీ లేదు. కానీ తన ఒంట్లో ఏముందో తెలుసుకునే హక్కు అద్దంకి రైతుకూ ఉంది. దాచిపెట్టే కొడుకు చెడ్డవాడు కాదు, భయపడ్డవాడు. బయటికొచ్చాక ఆమె అతనితో ఒక్క మాటే అంటుంది. "ఆయనకు తెలుసు నాయనా. నువ్వు బాధపడతావని అడగట్లేదు."

తెల్లవారి అద్దంకి బస్టాండు. ఆమె ఫైలు సర్దిస్తోంది. ఆధార్, బియ్యం కార్డు, పాత ఎక్స్‌రేలు, స్కాన్ల సీడీలు, ముక్క పరీక్ష కాగితం. "ఒరిజినల్స్ ఒక కవర్లో, జిరాక్సులు ఇంకో కవర్లో" అని కొడుక్కి చెబుతుంది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఉచిత వైద్య పథకం పేరు మారుతుంది. జనం నోట్లో మాత్రం 2007 నుంచీ అది ఆరోగ్యశ్రీయే. ఆ కౌంటరు దగ్గర ఏ కాగితం లేకపోతే వెనక్కి పంపుతారో ఆమెకు కంఠతా వచ్చు.

బస్సు హైవే ఎక్కుతుంది. మార్టూరు, చిలకలూరిపేట. కిటికీ పక్కన పెద్దాయన, ఇవతల ఆమె, వెనక సీట్లో ఆయన ఇల్లాలు, కొడుకు, మీరు. ముందు సీట్లో కుర్రాడి ఫోన్‌లోంచి పాట వినపడుతోంది. సిరివెన్నెల పాట. "ఈయనకి ఒక ఊపిరితిత్తిలో సగం తీసేశారంట, తెలుసా అన్నయ్యా?" అంటుంది ఆమె. నిజమే. సీతారామశాస్త్రి 2021 నవంబరు 30న పోయినప్పుడు, అంతకు ఆరేళ్ళ ముందే క్యాన్సర్ వల్ల ఆ ఆపరేషన్ జరిగిందని కిమ్స్ డాక్టర్లు చెప్పారు. 2020లో వచ్చిన 'అల వైకుంఠపురములో' సినిమాలోని ఆయన పాట ఆ తర్వాత రాసిందే.

పెద్దాయన ఏమీ అనరు. కాసేపటికి, "చివరికి పోయాడు గదమ్మా" అంటారు.

"పోయారు. ఆరేళ్ళు రాసి పోయారు."

అబద్ధపు ధైర్యం ఆమె దగ్గర లేదు. తగ్గిపోతుంది అన్నయ్యా అని ఒక్కసారి కూడా అనలేదు, గమనించారా? ఆయనకు తగ్గుతుందో లేదో ఆమెకు తెలియదు, తనకు తగ్గుతుందో లేదో కూడా తెలియదు.

గుంటూరు పెద్దాసుపత్రి ఆవరణలో క్యాన్సర్ విభాగం నాట్కో ట్రస్టు కట్టించింది. 2020లో తెరిచారు. నాట్కో ఫార్మా స్థాపించిన నన్నపనేని వెంకయ్య చౌదరిది ఈ జిల్లాయే. ఆమె రోజూ మింగే గెఫిటినిబ్ బిళ్ళను చవకగా తయారుచేసే కంపెనీల్లో నాట్కో ఒకటి. ఈ బిళ్ళ అందరికీ పనికిరాదు. కణితి ముక్కను పరీక్షించి, ఈజీఎఫ్‌ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని తేలితేనే ఇస్తారు. మన దేశంలో ఒక రకం ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో దాదాపు నాలుగో వంతు మందికి ఆ మార్పు ఉంటుంది, పొగ తాగనివాళ్ళలో ఎక్కువ. చాలామందిలో ఏడాదికి కాస్త అటూ ఇటూగా బిళ్ళ పట్టు తప్పుతుంది. మూడో ఏడు నడుస్తున్నదంటే ఆమె అదృష్టవంతురాలే, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

వరండాలో బెంచీ మీద కూర్చోండి. మీ వరుసలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టబుద్ధవుతుంది. 2022లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 25 లక్షల మందికి కొత్తగా ఈ జబ్బు వచ్చింది. 18 లక్షల మంది దీనితోనే పోయారు. తోడు దొరకకపోవడానికి ఒక కారణం ఈ లెక్కలోనే ఉంది. 1952లో న్యూయార్క్‌లో రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన టెరీస్ లాసర్ అనే ఆవిడ, అదే ఆపరేషన్ అయిన ఆడవాళ్ళ మంచాల దగ్గరకు వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. అదే రీచ్ టు రికవరీ అయింది, దేశదేశాలకు పాకింది. రొమ్ము క్యాన్సర్ దాటి వచ్చినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ కనపడతారు. ఊపిరితిత్తుల దగ్గరకు వచ్చేసరికి, కనుక్కునేటప్పటికే ముదిరిపోయి, ఇంకొకరి మంచం దగ్గర కూర్చునే వ్యవధి ఉండేది కాదు. ఈ బిళ్ళలూ కొత్త మందులూ ఆ వ్యవధి కొంత ఇచ్చాయి. ముంబైలో లంగ్ కనెక్ట్ ఇండియా లాంటి సంఘాన్ని రోగులే నడుపుకోగలిగారంటే ఆ వ్యవధి వల్లనే.

పిలిచారు. లోపల పెద్దాయనే అడిగారు, డాక్టరు చెప్పారు. రెండో వైపుకూ పాకిందట. ముక్కను జన్యు పరీక్షకు పంపారు. ఆ ఫలితం వచ్చేదాకా ఆగాలి. మార్పు ఉంటే బిళ్ళ, లేకపోతే కీమో. బయటకొచ్చి బెంచీ మీద కూర్చున్నారు. ఐదు నిమిషాలు. పది. ఏదో ఒకటి మాట్లాడాలని మీకు నోరు దురద పెడుతుంది. ఆగండి. ఆమెను చూడండి, పక్కన కూర్చుని ఊరికే ఉంది.

"కీమో అంటే జుట్టు ఊడుతుందా?" అని చివరికి ఆయనే అడిగారు.

"కొన్నిటికి ఊడుద్ది, కొన్నిటికి ఊడదు. ఊడితే ఏంది? తిరపతి వెళ్ళొచ్చారా అంటారు. అవునని చెప్పండి, ప్రసాదం అడక్కుండా చూసుకోండి!"

ఆయన నిజంగానే నవ్వారు. కొడుకు తల తిప్పుకున్నాడు.

తర్వాత ఆమె సలహాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. నోరు పొక్కితే పచ్చడి జోలికి పోవద్దు, పెరుగన్నం, రాగిజావ చాలు. కారం లేనిదే ముద్ద దిగని మనిషికి ఇది చిన్న శిక్షేం కాదు. ఆయాసం ఎత్తుకున్నప్పుడు పడుకోకుండా ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీద ఆనించాలి, చిన్న బ్యాటరీ ఫ్యాను ముఖానికి దగ్గరగా పెట్టుకోవాలి. కీమో తర్వాత ఒళ్ళు కాలితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రావాలి. "బిళ్ళ వస్తే ముఖమంతా మొటిమల్లా లేస్తుంది. భయపడి మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరుకు చెప్పండి" అంది. ఏ మందు, ఎంత మోతాదు అని కొడుకు అడిగితే మాత్రం లోపలి గది చూపించింది. తనది తోడు, వైద్యం కాదు. ఈ గీత తెలియని తోడు కన్నా తోడు లేకపోవడమే మేలు.

నొప్పి తగ్గించే డాక్టరును కూడా కలవమని కాగితం మీద రాశారు. పెద్దాయన ఇల్లాలి మొహం పాలిపోయింది. "అంటే ఇంకేమీ చేయలేమనా?" ఈ భయం ప్రతి ఇంట్లోనూ ఉంది, అందుకే ఒక్క లెక్క చెబుతాను. 2010లో అచ్చయిన ఒక బోస్టన్ పరిశోధనలో ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు చికిత్స. రెండో జట్టుకు దానితో పాటు మొదటినుంచే నొప్పి, ఆయాసం, దిగులు చూసే పాలియేటివ్ డాక్టర్లు. మొదటి జట్టులో సగం మంది 8.9 నెలలకు మించి బతికితే, రెండో జట్టులో సగం మంది 11.6 నెలలకు మించి బతికారు. బతికిన నాళ్ళు దిగులు కూడా తక్కువ. ఆమెకు ఈ లెక్క తెలియదు. "నేనూ కలిశాను వదినా, అప్పటినుంచే నిద్రపోతున్నా" అంది. ఇల్లాలికి బోస్టన్ కన్నా ఆ మాటే పనికొచ్చింది.

తిరుగు బస్సు అద్దంకి చేరేసరికి చీకటి పడింది. రేపు మళ్ళీ ఆ ఇంటికి పలకరింపులు వస్తాయి. ఆ కుర్చీల్లో మీరూ ఒకరు కావచ్చు.

మీరు ఈ జబ్బు వచ్చి, మందుతో నెట్టుకొస్తున్నవాళ్ళయితే, మీ ఊళ్ళో కొత్తగా రిపోర్టు అందుకున్న ఇంటికి ఒకసారి వెళ్ళండి. మీరు నడిచి లోపలికి రావడమే వాళ్ళకు సగం జవాబు. ఒంట్లో ఓపిక లేకపోతే ఫోన్ చేయండి. రోగినో, రోగిని చూసుకునేవాళ్ళనో దిగులు మింగేస్తుంటే ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. చుట్ట మానాలనుకునేవాళ్ళకు 1800112356 ఉంది. ఆ నంబరు మాత్రం ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకు ఇవ్వండి, మంచం మీద ఉన్న మనిషి ముందు ఎత్తకండి.