మినీ ట్రాక్టరుకు ముందు లోడరు: డెల్టాలో వాడవలసిన, విప్పవలసిన విధానం

(ప్రత్యేక వ్యాసం)

విజయవాడ: కృష్ణా డెల్టాలో మినీ ట్రాక్టరుకు ముందుభాగాన బిగించే లోడరు సంవత్సరం పొడవునా పనికివచ్చే పరికరం కాదు. వేసవిలో పశువుల ఎరువును ట్రక్కులకు ఎత్తడానికి, బోదెలలోంచి తీసిన పూడికమట్టిని తరలించడానికి, మెరకలను సరిచేయడానికి ఇది ఎంతగానో తోడ్పడుతుంది. సార్వా దమ్ము మొదలయ్యే నాటికి దీనిని విప్పి పక్కన పెట్టవలసి ఉంటుంది. లోడరు బరువుతో దమ్ములోకి దిగిన ట్రాక్టరు ముందు చక్రాలు బురదలో కూరుకుపోవడమే ఇందుకు కారణం. ఈ విధంగా ప్రతి ఏటా బిగించి విప్పవలసిన పరికరం కావడం వలన, పనిచేయునప్పటి జాగ్రత్తలతో పాటు విప్పునప్పటి జాగ్రత్తలను కూడా రైతులు, డ్రైవర్లు క్షుణ్ణంగా తెలుసుకోవలసిన అవసరం ఉన్నది.

డెల్టా పరిస్థితులు:

విజయవాడ వద్ద కృష్ణానదిపై 1855లో ఆనకట్ట పూర్తయినది. దాని స్థానంలో నిర్మించిన ప్రకాశం బ్యారేజి 1957 నుండి సుమారు 13 లక్షల ఎకరాలకు సాగునీరు అందిస్తున్నది. ఈ ఆయకట్టులో అధిక భాగం నల్లరేగడి నేల. ఎండినపుడు రాయివలె గట్టిపడి, నెరెలు విచ్చే ఈ నేల తడిసినపుడు చక్రాన్ని పట్టి ఉంచలేదు. పొలాలకు చేరే దారులలో అనేకం కాలువ గట్లే. పైన మెత్తని నేల, పక్కన లోతైన కాలువ ఉన్న చోట ముందుభాగాన బరువు మోసే యంత్రాన్ని నడపడం మెట్ట ప్రాంతంలో నడపడం వంటిది కాదు.

2024 సెప్టెంబరు తొలి రోజులలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పరిసర కాలనీలను ముంచెత్తినపుడు, నీరు తీసిన తరువాత ఇండ్లలోను, వీధులలోను నిలిచిన బురదను తొలగించడం పెద్ద పనిగా పరిణమించినది. పెద్ద యంత్రాలు ప్రవేశించలేని ఇరుకు సందులలో చిన్న లోడరుకు గల ప్రయోజనం ఇటువంటి సందర్భాలలో స్పష్టమవుతుంది. అయితే చుట్టూ మనుషులు మసలే చోట దాని వలన కలిగే ప్రమాదం కూడా అంతే అధికం.

బరువు లెక్క:

లోడరులో రెండు చేతులు, వాటి చివర బకెట్టు, వాటిని లేపి దించే హైడ్రాలిక్ సిలిండర్లు ఉంటాయి. బకెట్టు నిండినది అన్నంత మాత్రాన బరువు ఎంతో తెలియదు. తడిమట్టి ఘనపు మీటరుకు సుమారు 1,800 కిలోలు తూగుతుంది. ఘనపు మీటరులో ఐదవ వంతు పట్టే చిన్న బకెట్టులో తడి పూడిక నింపినచో దాదాపు 360 కిలోలు అవుతుంది. అదే బకెట్టులో ఎండు వరిగడ్డి నింపితే అందులో స్వల్ప భాగం కూడా ఉండదు. కనుక కొలతను చూసి గాక, సరుకును బట్టి బకెట్టు నింపవలెను.

ముందు బరువు పెరిగినకొద్దీ వెనుక చక్రాలు తేలికపడతాయి. సాధారణంగా ట్రాక్టరు బ్రేకులు వెనుక చక్రాలపైననే పనిచేస్తాయి కాబట్టి, వెనుక తేలికపడిన ట్రాక్టరు వాలులో ఆగదు. దీనికి విరుగుడు వెనుక ఎదురుబరువు. త్రీపాయింట్ లింకేజీకి తగిన బరువుగల పెట్టెనుగాని, పనిముట్టునుగాని తగిలించిన తరువాతనే లోడరుతో పని ప్రారంభించవలెను. ఎంత ఎదురుబరువు అవసరమో తయారీదారుల పుస్తకంలో ఉంటుంది. ఫోర్‌వీల్ డ్రైవ్ ఉన్న ట్రాక్టరులో దానిని వేసి పనిచేయడం మేలు.

పనిచేయునపుడు:

నిండిన బకెట్టును నేలకు అడుగు ఎత్తున మాత్రమే ఉంచి నడపవలెను. బకెట్టు పైకి లేచినకొద్దీ బరువుకేంద్రం కూడా పైకి లేస్తుంది. ఆ స్థితిలో మలుపు తిప్పినచో ట్రాక్టరు పక్కకు పడిపోయే అవకాశం ఉన్నది. ట్రక్కు పక్కకు చేరిన తరువాతనే బకెట్టును పైకెత్తి, దింపిన వెంటనే మరల కిందికి తేవలెను. వాలులో బరువు ఎల్లప్పుడూ ఎగువ వైపునకు ఉండాలి. అనగా ఎక్కునపుడు ముందుకు, దిగునపుడు రివర్సులో నడపవలెను.

కాలువ ఎంత లోతు ఉన్నదో, చక్రాన్ని అంచు నుండి కనీసం అంత దూరంలో ఉంచడం సురక్షితమైన పద్ధతి. వేసవిలో కాలువ ఎండి ఉన్నను గట్టు గట్టిగా ఉన్నట్లు భావించరాదు. నెరెలు విచ్చిన గట్టు బరువుకు విరిగిపడవచ్చును. లేచిన బకెట్టు కింద ఎవరూ నిలబడరాదు. బకెట్టులో మనుషులను ఎక్కించి కొబ్బరికాయలు దింపించడం, దీపాలు కట్టించడం వంటి పనులు ఎట్టి పరిస్థితులలోను చేయరాదు.

పొలాలపై వ్రేలాడే విద్యుత్ తీగలు మరొక ప్రమాదం. బకెట్టు తీగను తాకినచో డ్రైవరు సీటు వదలకుండా, ఇతరులను దగ్గరకు రానీయకుండా, 1912 నంబరుకు తెలిపి సరఫరా నిలిపివేయించవలెను. ట్రాక్టరుకు మంటలు అంటుకొన్నచో మాత్రం ఇనుమును, నేలను ఒకేసారి తాకకుండా రెండు కాళ్ళు కలిపి దూరంగా దూకవలెను.

విప్పే క్రమం:

లోడర్లన్నీ ఒకే రకం కావు. కొన్ని బోల్టులతో ఛాసిస్‌కు బిగించినవి. వీటిని వర్క్‌షాపులోనే విప్పించడం ఉత్తమం. పిన్నులతో తగిలించే రకాన్ని రైతు స్వయంగా విప్పవచ్చును. ఆ క్రమం ఈ విధంగా ఉంటుంది.

1. గట్టి, సమతలమైన చోటును ఎంచుకోవలెను. కళ్ళంలోని మెత్తని నేలపై విప్పినచో, స్టాండ్లు దిగబడి లోడరు ఒరిగిపోతుంది. అటువంటి చోట స్టాండ్ల కింద మందపాటి చెక్కలు వేయవలెను.

2. బకెట్టు తగిలించి ఉండగానే విప్పవలెను. లోడరు నిలబడడానికి బకెట్టే ఆధారం. వెనుక ఎదురుబరువును ఈ దశలో తీయరాదు.

3. హ్యాండ్‌బ్రేకు వేసి, ఖాళీ బకెట్టును నేలకు ఆనించి, స్టాండ్లను దించి పిన్నులతో బిగించవలెను. పిన్నులపై బరువు తగ్గునట్లు లివరుతో సరిచేసి, ఇంజను ఆపిన పిమ్మట వాటిని తీయవలెను. సుత్తితో బలవంతంగా కొట్టవలసి వచ్చినదంటే బరువు ఇంకా వాటిపై ఉన్నదని అర్థం.

4. ఇంజను ఆగి ఉండగానే లివరును నాలుగు వైపులకు పలుమార్లు కదిపి గొట్టాలలోని ఒత్తిడిని పోగొట్టవలెను. ఆ తరువాతనే గొట్టాలను ఊడదీసి, మూతలు పెట్టవలెను.

5. కంట్రోలు వాల్వు లోడరుతో పాటు విడిపోయే రకమైనచో, ట్రాక్టరు వైపు మిగిలిన ఆయిలు గొట్టాలను పుస్తకంలో చెప్పిన విధంగా కలపవలెను. దారి మూసుకుపోయిన ఆయిలు వలన పంపు దెబ్బతింటుంది.

6. ట్రాక్టరును నెమ్మదిగా నిటారుగా వెనుకకు తీయవలెను. లోడరు పూర్తిగా విడిన తరువాతనే ఎదురుబరువును తీయవలెను.

తిరిగి బిగించునపుడు పిన్నులకు లాకులు పడినవని చూసుకొని, ఖాళీ బకెట్టును పలుమార్లు లేపి దించి పరీక్షించవలెను.

ఆయిలు లీకును చేతితో వెదకరాదు:

హైడ్రాలిక్ గొట్టంలో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 150 కిలోలకు పైగా ఉండవచ్చును. సూదిమొనంత రంధ్రం గుండా చిమ్మే ఆయిలు చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం చీమ కుట్టినంతే కనిపించినను, గంటల వ్యవధిలో వేలును, చేతిని కోల్పోయే ప్రమాదం ఉన్నది. లీకును అట్టముక్కతో పరీక్షించవలెను. ఆయిలు చర్మంలోకి పోయినచో నొప్పి కోసం ఎదురుచూడక, 108 వాహనంలో శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి వెంటనే తరలించి, జరిగినది వైద్యులకు చెప్పవలెను.

రోడ్డుపైన:

పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రోడ్డెక్కే ముందు కలిపి లాకు చేయవలెను. ఒక పెడలుపైననే కాలు పడినచో ట్రాక్టరు ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. బకెట్టును ఖాళీగా, కిందికి ఉంచి, ఎదురు వాహనాలు కనిపించునట్లు చూసుకోవలెను. లోడరు విప్పి దమ్ముకు కేజ్‌వీల్స్ బిగించినచో, వాటితో తారురోడ్డు ఎక్కరాదు.

రక్షణ చట్రం:

ట్రాక్టరు బోల్తాపడినపుడు డ్రైవరును కాపాడేది రక్షణ చట్రం, సీటుబెల్టు. స్వీడన్ 1959లో కొత్త ట్రాక్టర్లకు రక్షణ చట్రాన్ని తప్పనిసరి చేసిన తరువాత, అక్కడ బోల్తా మరణాలు గణనీయంగా తగ్గినవి. లోడరు బిగించే ట్రాక్టరుకు ఈ చట్రం ఉండడం మరింత అవసరం.

శిక్షణ, నమోదు:

యంత్రాల వాడకంపై సందేహాలకు ఎన్టీఆర్ జిల్లాలోని గరికపాడు, కృష్ణా జిల్లాలోని ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రాలను రైతులు సంప్రదించవచ్చును. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ సంస్థ ఉన్నది.

ప్రమాదం జరిగినపుడు "ట్రాక్టరు బోల్తా" అని మాత్రమే నమోదైనచో, తరువాతి ప్రమాదాన్ని నివారించే ఆధారం లభించదు. బకెట్టు ఏ ఎత్తులో ఉన్నది, వెనుక ఎదురుబరువు ఉన్నదా, బ్రేకు పెడళ్ళు కలిపి ఉన్నవా, రక్షణ చట్రం ఉన్నదా, పని మధ్యలో జరిగినదా లేక విప్పునపుడు జరిగినదా అను ఐదు విషయాలను అధికారులు తమ నివేదికలలోను, పాత్రికేయులు తమ వార్తలలోను పేర్కొనడం రైతాంగానికి ఎంతో మేలు చేస్తుంది.