పట్టేసిన బ్రేకు
కారు బ్రేకు పట్టేసి వదలకపోవడం మొదట్లో కడ్డీలకు, కేబుళ్లకు తుప్పు పట్టి వచ్చే జబ్బు. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ మోడల్ ఎ నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అక్కడి నుంచి జబ్బు ఆయిల్ దారి పట్టింది. పెడల్ వదలగానే ఆయిల్ వెనక్కి మళ్లడానికి మాస్టర్ సిలిండర్‌లో సన్నటి రంధ్రం ఉంటుంది. అది పూడితే ఒత్తిడి లోపలే నిలిచిపోతుంది. బ్రేక్ ఆయిల్‌కు బదులు ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బి ఆ రంధ్రాన్నే కప్పేస్తాయి.

తప్పు ఎక్కడుందో పట్టే మెకానిక్కుల పరీక్ష పాతదే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. చక్రాన్ని జాకీ మీద లేపి, బ్లీడర్ నిపుల్ కొద్దిగా వదులు చేస్తారు. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే తప్పు హోస్‌లోనో, మాస్టర్ సిలిండర్‌లోనో ఉన్నట్టు. తిరగకపోతే చక్రం దగ్గరే వెతకాలి: పిస్టన్, షూ స్ప్రింగు, హ్యాండ్‌బ్రేక్ కేబుల్.

గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుని జారడం వేరే సంగతి. దానికి విరుగుడుగా బాష్ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లో మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది.